ఉపాధ్యాయుడు, ఆచార్యుడు, వేసవి ఇంటర్న్: ఖరగ్‌పూర్ పరిసరాలలో వారసత్వ పరిశోధకుల శిక్షణ

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలలోని తెలుగు కుటుంబాలకు ‘అప్రెంటిస్’ అనే మాట తరతరాలుగా పరిచితం. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఈ జంక్షనును, దాని పక్కనే విశాలమైన వర్క్‌షాపును నిర్మించినప్పుడు శ్రీకాకుళం, విశాఖపట్నం, గంజాం సీమల నుండి వందలాది కుటుంబాలు ఇక్కడికి తరలివచ్చాయి. నింపురా, మథురాకాటి వంటి కాలనీలలో నేటికీ తెలుగు వినిపిస్తుంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా ప్రతిపత్తిని ఆమోదించడానికి ప్రధాన కారణం ఈ పట్టణపు తెలుగువారే. ఆ కుటుంబాలలో ఒక తరం మరొక తరానికి అందించిన విద్య చాలావరకు పుస్తకాలలో లేనిది. మేస్త్రీ పక్కన నిలబడి, ఆయన చేతిని చూస్తూ, ఇనుము ఎప్పుడు పలుకుతుందో ఎప్పుడు పగులుతుందో తెలుసుకొనే విద్య అది. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ఆ పద్ధతికి గడువును, భత్యాన్ని, పరీక్షను, ధ్రువపత్రాన్ని ఏర్పరచింది.

అదే పట్టణంలో, స్టేషనుకు కొద్ది దూరంలో హిజ్లీ ఉన్నది. 1931 సెప్టెంబరు 16న ఇద్దరు రాజకీయ ఖైదీలు పోలీసు కాల్పులలో మరణించిన నిర్బంధ శిబిరం అది. 1951లో ఆ భవనంలోనే దేశపు తొలి ఐఐటీ ప్రారంభమయింది. విద్యార్థుల ఇంటర్న్‌షిప్‌లు, ఉద్యోగ నియామకాలు చూసే అక్కడి విభాగానికి కెరీర్ డెవలప్‌మెంట్ సెంటర్ అని పేరు. ఇంజనీరింగు విద్యార్థికి వేసవి ఇంటర్న్‌షిప్ దాదాపు చదువులో భాగమే. కంపెనీలు వస్తాయి, ఎంపిక చేస్తాయి, మే నుండి జులై వరకు పని చేయిస్తాయి, నచ్చినవారికి ఉద్యోగం ముందుగానే ఇస్తాయి. వర్క్‌షాపు అప్రెంటిస్‌కూ ఒక దారి ఉన్నది, ఐఐటీ విద్యార్థికీ ఒక దారి ఉన్నది. ఈ రెండింటి నడుమ నిలిచిపోయినవాడు వారసత్వ రంగంలోని పరిశోధక విద్యార్థి. బౌద్ధ శిల్పం మీదనో, శాసనాల మీదనో, విహార నిర్మాణం మీదనో నాలుగైదేళ్లు పనిచేసి పట్టా పుచ్చుకొనేవాడు ఒక ముద్రికను శుభ్రపరచడం, ఒక తాళపత్ర ప్రతిని జాబితాకు ఎక్కించడం, ఒక శాసనానికి అచ్చుప్రతి తీయడం చేతితో చేసి ఉండకపోవచ్చు. ఇది అతని లోపం కాదు. ఆ పని నేర్పించే బాధ్యత ఎవరిదో వ్యవస్థలో స్పష్టంగా రాసి లేదు.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022 నవంబరులో ప్రకటించిన పీహెచ్‌డీ నిబంధనలు కనీస కాలాన్ని మూడేళ్లుగా, గరిష్ఠ కాలాన్ని ఆరేళ్లుగా నిర్ణయించాయి. కనీసం 12 క్రెడిట్ల పాఠ్యక్రమం ఉండాలన్నాయి. వారానికి 4 నుండి 6 గంటలు బోధన లేదా పరిశోధన సహాయకులుగా పనిచేసే ఏర్పాటునూ పేర్కొన్నాయి. అంటే పరిశోధకుడు రేపు అధ్యాపకుడవుతాడన్న ఊహ మీద ఆ నిర్మాణం ఆధారపడి ఉన్నది. బౌద్ధ అధ్యయనాలలో పట్టా పొందినవారందరికీ అధ్యాపక పదవులు లేవని ఈ పత్రిక పాఠకులకు వేరుగా చెప్పవలసిన పనిలేదు. మరొక వైపు మ్యూజియంలలో, రాష్ట్ర పురావస్తు శాఖలలో, గ్రంథాలయాల రాతప్రతి విభాగాలలో పని తెలిసిన చేతులకు కొరత ఉన్నది. ఈ రెండు లోటులూ పరస్పరం కలుసుకోవడానికి వేసవి శిక్షణ ఒక ద్వారం.

ఈ విషయమై వినయపిటకం ఒక పరిష్కారాన్ని ఎన్నడో సూచించింది. మహావగ్గం ప్రకారం కొత్తగా ఉపసంపద పొందిన భిక్షువు తన ఉపాధ్యాయుని ఆశ్రయంలో, అనగా ‘నిస్సయం’లో, నివసించాలి. సమర్థుడైన విద్వద్భిక్షువుకు ఆ గడువు ఐదేళ్లు, అసమర్థునికి జీవితకాలం. అయితే ఉపాధ్యాయులు దూరదేశాలకు వెళ్లినప్పుడు, సంఘాన్ని విడిచినప్పుడు, మరణించినప్పుడు వారి శిష్యులు చెప్పేవారు లేక నడవడి తప్పారు. అప్పుడు రెండవ గురుస్థానం ఏర్పడింది. అతడే ఆచార్యుడు. ఉపాధ్యాయునికి శిష్యుడైనవాడు సద్ధివిహారికుడు, ఆచార్యునికి శిష్యుడైనవాడు అంతేవాసి. ‘సమీపంలో నివసించేవాడు’ అనే ఆ మాటకు నేటి ‘ఇంటర్న్’ అనే మాట కంటే ఎక్కువ అర్థముంది.

నేటి పరిశోధక విద్యార్థికి ఉపాధ్యాయుడున్నాడు. సిద్ధాంత గ్రంథాన్ని పర్యవేక్షించే ఆచార్యులవారే ఆయన. పేరులో ‘ఆచార్య’ ఉన్నా ఈ పోలికలో ఆయన స్థానం ఉపాధ్యాయునిదే. కొరవడినది రెండవవాడు. ఒక మ్యూజియం సంరక్షకుడు, ఒక లిపిశాస్త్రజ్ఞుడు, ఒక తవ్వక క్షేత్రపు నమోదు అధికారి రెండు నెలలపాటు ఆ స్థానంలో నిలిస్తే అదే నిజమైన ఇంటర్న్‌షిప్. వినయం ఆ బంధంలో ఇరువైపులా బాధ్యతలను చెప్పింది. శిష్యుడు సేవ చేయాలి, చెప్పకుండా వెళ్లరాదు. గురువు ఉద్దేశం, పరిపృచ్ఛ, అవవాదం, అనుశాసనం అనే నాలుగింటితో శిష్యుని ఆదుకోవాలి. అంటే పాఠం చెప్పాలి, ప్రశ్నించనిచ్చి తానూ ప్రశ్నించాలి, తప్పును ఎత్తిచూపాలి, ఎలా చేయాలో నేర్పాలి. శిష్యునికి జబ్బు చేస్తే చూసుకోవాలి కూడా. నేటి ఇంటర్న్‌షిప్‌లలో చాలావాటిలో మొదటిది మాత్రమే జరుగుతుంది. కొన్నింటిలో అదీ జరగదు. రెండు నెలలూ పాత దస్త్రాలను స్కానరు కింద పెట్టి తీయడంతో సరిపోతుంది. ఏమి స్కాన్ చేశాడో తెలియని విద్యార్థికి చివరిరోజు ధ్రువపత్రం అందుతుంది.

ఖరగ్‌పూర్ ప్రాంతానికి ఈ ప్రస్తావన తగినదనడానికి చారిత్రక కారణమూ ఉంది. ఇక్కడికి తూర్పున, నేటి తమ్లుక్ ప్రాంతంలో, ప్రాచీన తామ్రలిప్తి రేవు ఉండేది. 399లో చాంగాన్ విడిచి వినయగ్రంథాల కోసం బయలుదేరిన ఫాహియాన్ పాటలీపుత్రంలో మూడేళ్లు భాష నేర్చి, ప్రతులు రాసుకొన్న తరువాత తామ్రలిప్తికి వచ్చి రెండేళ్లున్నాడు. అక్కడ సూత్రాలకు ప్రతులు రాశాడు, ప్రతిమల చిత్రాలు గీశాడు. ఆ పిమ్మటనే సింహళానికి ఓడ ఎక్కాడు. అప్పటికే వయసు మళ్లిన పండితుడు రెండేళ్లు చేతిపనికి కేటాయించడం గమనింపదగినది. 673లో ఇత్సింగ్ అదే రేవులో దిగాడు. నేరుగా నాలందకు పోలేదు. హుయాన్‌త్సాంగ్ శిష్యుడై, అక్కడ ఏళ్ల తరబడి నివసిస్తున్న మహాయానప్రదీపుడనే స్వదేశీయుని వద్ద దాదాపు ఏడాదిపాటు సంస్కృతాన్ని, శబ్దవిద్యను అభ్యసించాడు. ఆ కాలంలోనే విహారపు భూములను సాగుచేసేవారు పంటలో ఎంత భాగం ఇస్తారు, ఆకుకూర ఒక్క కట్ట అయినా ఎలా పంచుతారు అనే సంగతులను కూడా చూసి రాసిపెట్టాడు. నాలందలో దశాబ్దకాలం చదివిన మహాపండితునికి తామ్రలిప్తి ఏడాది ఒక ముంగిలి వంటిది. పెద్ద విద్యకు ముందు ఒక అనుభవజ్ఞుని పక్కన ఉండి నడక నేర్చుకొన్న కాలం అది.

ఇక నేటి సంగతి. వేసవి శిక్షణ అనగానే విద్యార్థికి తవ్వకం గుర్తుకు వస్తుంది. ఇక్కడే మొదటి పొరపాటు జరుగుతుంది. దక్షిణ బెంగాల్‌లో గాని కోస్తా ఆంధ్రలో గాని తవ్వకాల కాలం సుమారుగా నవంబరు నుండి ఏప్రిల్ వరకే. మే నెల ఎండలో గుంటలో కూర్చోవడం కష్టం. జూన్ రెండవ వారానికి వర్షం వస్తుంది, గుంటలను కప్పివేస్తారు. కాబట్టి ‘వేసవిలో తవ్వకంలో శిక్షణ కావాలి’ అని దరఖాస్తు చేసినవారికి సమాధానం రాకపోవడంలో ఆశ్చర్యం లేదు. వేసవిలో జరిగే పని వేరు. శీతకాలంలో దొరికిన కుండ పెంకులను కడిగి, ఆరబెట్టి, సంఖ్యలు వేసి, గీసి, వర్గీకరిస్తారు. ముద్రికలను పక్కవెలుతురులో ఫొటోలు తీస్తారు. గుంటల పుస్తకంలోని కొలతలను పటాలతో సరిపోలుస్తారు. తవ్విన కాలం కంటే ఈ పనికి పట్టే కాలమే ఎక్కువ. నివేదికలు ఏళ్ల తరబడి వెలువడకపోవడానికి ఉన్న కారణాలలో ఈ దశలో మనుషులు చాలకపోవడం ఒకటి. పరిశోధక విద్యార్థి నిజంగా పనికివచ్చే చోటు ఇదే. ఇక్కడే అతడు అన్నిటికన్నా ఎక్కువ నేర్చుకొంటాడు.

ఖరగ్‌పూర్‌కు దక్షిణంగా, ఒడిశా వైపు పోయే రైలు మార్గంలో బేల్దా దాటిన తరువాత దంతన్ సమీపంలో మొగల్‌మారి గ్రామం ఉన్నది. దూరం సుమారు 50 కిలోమీటర్లు. గ్రామస్థులు సఖీసేన దిబ్బ అని పిలుచుకొనే మట్టిగుట్టలో 2003–04 నుండి కలకత్తా విశ్వవిద్యాలయం తరఫున ఆచార్య అశోక్ దత్తా నాయకత్వంలో తవ్వకాలు జరిగాయి. 2013 తరువాత రాష్ట్ర పురావస్తు శాఖ ఆ పనిని చేపట్టింది. గోడల మీద సున్నపు గార శిల్పాలతో ఒక పెద్ద ఇటుక విహారం బయటపడింది. 2016 ఆరంభంలో 90కి పైగా కంచు విగ్రహాలు ఒకచోట లభించి వార్తలకెక్కాయి. దంతన్ పేరును బట్టి ఇదే దంతధాతువు గాథలోని దంతపురమని కొందరన్నారు. శ్రీకాకుళం జిల్లాలోని దంతవక్త్రుని కోటే దంతపురమని మరికొందరన్నారు. శ్రీకాకుళం నుండి వచ్చి ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన కుటుంబంలోని పరిశోధకుడు ఈ వాదంలో ఏ పక్షం వహించాలో తేల్చుకోవడం కష్టమే. ధాతువు మాత్రం తామ్రలిప్తి మీదుగానే సింహళం చేరిందని దాఠావంశం చెప్పుతున్నది.

మొగల్‌మారిలో శిక్షణ దృష్ట్యా ముఖ్యమైనవి కంచు విగ్రహాలు కావు, మట్టి ముద్రికలు. మొదట ఒక ముద్రికను బట్టి విహారం పేరు శ్రీబందక మహావిహారమని ప్రకటించారు. తరువాతి పఠనాలలో యజ్ఞపిండిక మహావిహారం, ముగలాయిక విహారం అనే పేర్లు వెలువడ్డాయి. కొనలు విరిగి, అక్షరాలు అరిగి, కాల్చడంలో కొంత వంగిన చిన్న మట్టిబిళ్లల మీద ఒక్కొక్క అక్షరానికి వాదం నడుస్తుంది. పుస్తకంలోని లిపి పట్టికను కంఠస్థం చేసిన విద్యార్థి అచ్చయిన ఫొటోలో చదవగలిగినదాన్ని చేతిలోని ముద్రికలో చదవలేడు. వెలుతురును ఎడమ నుండి కుడికి జరిపితే ఒక గీత మాయమై మరొకటి కనిపిస్తుంది. ఏది అక్షరపు గీత, ఏది పగులు అనేది నూరు ముద్రికలు చూసినవాడి పక్కన కూర్చుంటేనే తెలుస్తుంది. విహారం పేరు మారితే దాని దాత, శాఖ, కాలం గురించిన ఊహలూ మారతాయి. ఒక సిద్ధాంత గ్రంథంలోని అధ్యాయమంతా ఆ చిన్న గీత మీద నిలిచి ఉండవచ్చు.

సున్నపు గార సంగతి మరొక రకం. శతాబ్దాలు మట్టిలో చల్లగా ఉన్న గార గాలి తగిలి, వాన తగిలి, ఉప్పు పూసి రాలుతుంది. దానిని కాపాడే విద్య రసాయనశాస్త్రానికి, తాపీపనికి నడుమ ఉంటుంది. భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ విజ్ఞాన విభాగానికి దెహ్రాదూన్‌లోను, శాసన విభాగానికి మైసూరులోను కేంద్రాలున్నాయి. లక్నోలో సాంస్కృతిక సంపద పరిరక్షణకు జాతీయ ప్రయోగశాల ఉన్నది. శిల్పచరిత్ర విద్యార్థులు ఈ చోట్లను తమకు సంబంధించనివిగా తలచి దరఖాస్తు చేయరు. అది తప్పు. అమరావతి సున్నపురాతి ఫలకం మీద వ్యాసం రాసేవాడు ఆ రాయి ఎందుకు పొరలు విడుస్తుందో ఒక వేసవి తెలుసుకొంటే అతని శైలీ విశ్లేషణకు నష్టం లేదు, లాభముంది.

ఖరగ్‌పూర్ ఐఐటీలోనూ ఇటువంటి కలయికకు పూర్వరంగం లేకపోలేదు. విజ్ఞానాన్ని వారసత్వాన్ని జోడించే ‘సంధి’ అనే కార్యక్రమం కేంద్ర ప్రభుత్వ సహాయంతో అక్కడ నడిచింది. భూగర్భశాస్త్ర విభాగానికి చెందిన ఆచార్య అనింద్య సర్కార్ బృందం పురావస్తు సర్వేక్షణ సంస్థతోను, ఇతర సంస్థలతోను కలిసి గుజరాత్‌లోని వడ్‌నగర్ మీద చేసిన అధ్యయనం 2024లో ప్రచురితమయింది. హుయాన్‌త్సాంగ్ చెప్పిన ఆనందపురమే వడ్‌నగర్ అని భావిస్తారు. అక్కడ బౌద్ధవిహారమూ బయటపడింది. క్రీ.పూ. 800 ప్రాంతం నుండి జనవాసం ఉండవచ్చునని ఆ అధ్యయనం సూచించింది. ఆ తేదీ శాసనం నుండి రాలేదు. రేడియోకార్బన్ కొలతల నుండి వచ్చింది. ఆ సంఖ్య పక్కనుండే హెచ్చుతగ్గుల అవధి ఏమిటో, నమూనా ఏ పొరనుండి తీశారో, అది ఎలా కలుషితమవుతుందో అర్థం కాని చరిత్రకారుడు దానిని యథాతథంగా ఎత్తిరాస్తాడు. అర్థం చేసుకొన్నవాడు ప్రశ్నిస్తాడు. ప్రయోగశాలలో ఒక వేసవి గడపడం వల్ల చరిత్ర విద్యార్థి శాస్త్రజ్ఞుడు కాడు. అయితే శాస్త్రజ్ఞునితో మాట్లాడగలుగుతాడు.

బయటి దేశాలలో ఈ ఆలోచన నిబంధనగా మారింది. బ్రిటన్‌లో జీవశాస్త్ర పరిశోధన మండలి నిధులతో నడిచే డాక్టరల్ శిక్షణలో మూడు నెలలు తన పరిశోధనాంశానికి బయట పనిచేయడం భాగంగా చేర్చారు. లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీ పీహెచ్‌డీ విద్యార్థులకు మూడు నెలల పనిస్థానాలను ప్రకటిస్తూ వచ్చింది. మూడు నెలలు పోతే సిద్ధాంత గ్రంథం ఆలస్యమవుతుందన్న భయం అక్కడి పర్యవేక్షకులకూ ఉండేదే. ఖరగ్‌పూర్ నుండి హౌరాకు 115 కిలోమీటర్లు. దాని పక్కనే ఉన్న కోల్‌కతాలో 1784లో స్థాపితమైన ఏషియాటిక్ సొసైటీలో అష్టసాహస్రికా ప్రజ్ఞాపారమితా తాళపత్ర ప్రతులున్నాయి. 1814 నాటి ఇండియన్ మ్యూజియంలో భార్హుత్ వేదికాస్తంభాలున్నాయి. లండన్ దాకా పోవలసిన పని చాలామందికి లేదు.

అసలు ఆటంకం డబ్బు. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ 2023 జనవరి 1 నుండి నెలకు 37,000 రూపాయలు, సీనియర్‌కు 42,000. ఇది ఉన్నవాడు కోల్‌కతాలో రెండు నెలలు గది తీసుకొని భత్యం లేని ఇంటర్న్‌షిప్ చేయగలడు. కేంద్రీయ విశ్వవిద్యాలయంలో నెట్ ఫెలోషిప్ లేక 8,000తో గడిపేవాడు చేయలేడు. రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఏ ఫెలోషిప్పూ లేనివాడి సంగతి చెప్పనక్కరలేదు. భత్యం లేని శిక్షణ ప్రతిభను ఎంపిక చేయదు, స్తోమతను ఎంపిక చేస్తుంది. వర్క్‌షాపులో అప్రెంటిస్‌కు భత్యం చట్టప్రకారం రావలసిందే. రాతప్రతిని సరిచేసే పరిశోధకుడికి అది దయాధర్మంగా ఉండడం సమంజసం కాదు. ఫెలోషిప్ ఉన్నవారు కూడా ఒక జాగ్రత్త పాటించాలి. అతిథి సంస్థ ఇచ్చే భత్యాన్ని ఫెలోషిప్‌తో పాటు స్వీకరించవచ్చునా అన్నది ముందే లిఖితపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. తరువాత తిరిగి చెల్లించవలసి రావడం కంటే అది మేలు.

ప్రచురణ హక్కు విషయంలోనూ ముందే మాట ఉండాలి. తవ్వకందారుకు తాను వెలికితీసిన వస్తువులను మొదట ప్రకటించే హక్కు ఉండడం ఈ రంగపు మర్యాద. శిక్షణలో చూసిన అప్రకటిత ముద్రిక ఫొటోను విద్యార్థి తన సిద్ధాంత గ్రంథంలో చేర్చితే అది అదత్తాదానమే. అదే విధంగా విద్యార్థి రెండు నెలలు కూర్చొని తయారుచేసిన జాబితా అతని పేరు లేకుండా అచ్చయితే అదీ ఆ కోవలోనిదే. కాబట్టి ఒక పేజీ ఒప్పందపత్రం అవసరం. ఏ పని, ఎవరి వద్ద, ఎన్ని గంటలు, చివర ఏది అప్పగించాలి, పేరు ఎక్కడ వస్తుంది, ఏది ప్రకటించరాదు అనేవి అందులో ఉండాలి. ‘విభాగంలో సహాయం’ అని మాత్రమే రాసిన పత్రం ఎవరినీ కాపాడదు. ‘ఇటువంటి 200 ముద్రికల కొలతలు, ఫొటోలు, తొలి పఠనం’ అని రాసినది ఇద్దరినీ కాపాడుతుంది. ఉద్యోగ దరఖాస్తులోనూ రెండవదే పనికివస్తుంది. ఎంపిక మండలి ‘ఏమి చేశావు’ అని అడిగినప్పుడు 200 ముద్రికలు ఒక సమాధానం.

భిక్షువులైన పరిశోధకులకు మరి రెండు చిక్కులున్నాయి. మొదటిది కాలం. వర్షావాసం ఆషాఢ పూర్ణిమ మరునాడు మొదలవుతుంది. విశ్వవిద్యాలయాల వేసవి గడువు తరచు జులై మధ్య వరకు సాగుతుంది. ఆషాఢ పూర్ణిమ జులైలో వచ్చే సంవత్సరాలలో చివరి వారాలు వర్షావాసంతో ఢీకొంటాయి. ఏడు రోజులకు మించని అత్యవసర గమనాన్ని వినయం అనుమతించింది గాని శిక్షణ కోసం రెండు వారాలు బయట ఉండడం అందులోకి రాదు. శిక్షణను ఏప్రిల్ చివరనే ప్రారంభించడం ఒక ఉపాయం. ఉదయం వెళ్లి సాయంత్రానికి తిరిగి రాగల దూరంలోని విహారంలో వర్షావాసం స్వీకరించడం మరొకటి. రెండవ చిక్కు భత్యం. స్వర్ణరజతాలను స్వీకరించరాదన్న శిక్షాపదాన్ని కఠినంగా పాటించేవారి విషయంలో భత్యాన్ని కప్పియకారకుని ద్వారా గాని, వసతి, భోజనం, ప్రయాణపు టిక్కెట్ల రూపంలో గాని ఇచ్చే ఏర్పాటును అతిథి సంస్థ చేయవచ్చు. సంస్థల లెక్కల విభాగాలకు ఇది కొత్తగా తోచవచ్చు. అందుకే దరఖాస్తులోనే రాయడం మంచిది. మధ్యాహ్నం లోపు భోజనం ముగించవలసిన సంగతి కూడా అందులోనే ఉండాలి. ప్రయోగశాలలో పన్నెండు గంటలకు నమూనా చేతిలో పెట్టిన తరువాత చెప్పడం ఎవరికీ సౌకర్యం కాదు.

తెలుగు నేలలో ఇటువంటి శిక్షణకు చోటు తక్కువేమీ కాదు. 1919లో గిడుగు వెంకట రామమూర్తి వెలుగులోకి తెచ్చిన శాలిహుండం వంశధార ఒడ్డున ఉన్నది. నాగార్జునకొండలో 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో తవ్వి, జలాశయం నిండకముందు తరలించిన కట్టడాలు, శిల్పాలు దీవి మీద ఉన్నాయి. ఖరగ్‌పూర్ నుండి మద్రాసు వైపు పోయే అదే రైలు మార్గం దంతన్, శ్రీకాకుళం రోడ్ స్టేషన్ల మీదుగా సాగుతుంది. మొగల్‌మారి ముద్రికలు చూసిన కన్నుతో శాలిహుండం కుండ పెంకుల మీది రాతలను చూసేవాడు రెంటినీ పోల్చగలుగుతాడు. ఆ పోలిక చేయడానికి ముందు అతనికి మూడు కాగితాలు కావాలి: పర్యవేక్షకుని అనుమతి, అతిథి సంస్థ అంగీకారం, ఒక పేజీ ఒప్పందం. ప్రభుత్వ శాఖలలో అనుమతులు నడిచే వేగాన్ని బట్టి చూస్తే, మే నెలలో పని మొదలుపెట్టదలచినవారు ఆ లేఖలను జనవరిలో రాయవలసి ఉంటుంది.